ఎర్రోడి ముక్కుకు తడి ఎలా వచ్చింది

ఒకప్పుడు కుక్క ముక్కు పొడిగా ఉండేది. నల్లగానూ ఉండేది కాదు. ఒళ్ళు ఏ రంగైతే ముక్కూ అదే రంగు. నవ్వకండి, ముందు పూర్తిగా వినండి.

ఆ రోజుల్లో కొండకింద పల్లెలో ముత్యాలయ్య అనే కుమ్మరి ఉండేవాడు. ఆయనకో కుక్క. ఒళ్ళంతా ఎరుపు కాబట్టి దాన్ని ఎర్రోడు అనేవాళ్ళు. ఆ కాలంలో జంతువులకు మాటలొచ్చు. మనుషులకు వినే ఓపికే తక్కువ, ఇప్పటిలాగే.

ముత్యాలయ్య కుండలు చేసేది పొట్టకోసం. మనసుకోసం చేసేది వేరే ఉంది. ఆవంలో కుండలు కాలుతున్నంతసేపూ ఓ మూల కూర్చుని, బొటనవేలంత మట్టిబొమ్మలు చేసి వాటికి రంగులు వేసేవాడు. ఉడుత తోక వెంట్రుకలు మూడంటే మూడు కట్టిన కుంచెతో, ఊపిరి బిగబట్టి, ఆ బుల్లి బట్టలకు అంచులు దిద్దేవాడు. కళ్ళు మాత్రం అన్నీ అయ్యాకే పెట్టేవాడు. కళ్ళు పెడితే బొమ్మకు ప్రాణం వచ్చినట్టని ఆయన లెక్క.

ఎర్రోడికి ఈ పని ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు.

"ఈ బుల్లి మనుషులు అన్నం తినరు. పిలిస్తే రారు. ఒక్కళ్ళకీ వాసనే లేదు. రోజంతా వీళ్ళనేం చూస్తాడు? ఇంత పెద్దగా నేను పక్కనే ఉన్నానుగా!" అని గొణుక్కునేవాడు. గొణుక్కుంటూనే ఆయన కాళ్ళ దగ్గర పడుకునేవాడు. అయ్య ఎక్కడుంటే ఎర్రోడు అక్కడే.

ఆ ఏడు ముత్యాలయ్య ఒక పెళ్ళి ఊరేగింపు మొత్తం చేసి తీరాలని పట్టుబట్టాడు. పల్లకీ, బోయీలు, డప్పులవాళ్ళు, పెళ్ళికొడుకు, వెనక చుట్టాలు, అంతా కలిపి అరవై బొమ్మలు. పెళ్ళిబట్టలకు మంచి పసుపురంగు కావాలి. వంటింట్లో పసుపు ఆయన కంటికి ఆనలేదు. కొండంతా గాలించి, నిగనిగలాడే పసుపురాయి ఒకటి తెచ్చి నూరాడు. రంగు బంగారంలా మెరిసింది.

ఎర్రోడు గిన్నె వాసన చూశాడు. వీపుమీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. గిన్నె అంచున వాలిన ఈగ అక్కడే కాళ్ళు చాపేసింది. ఆ రాయి నిండా విషమే.

పోనీ, వేసేది బొమ్మలకేగా అనుకుందామంటే ముత్యాలయ్యకు ఒక అలవాటుంది. కుంచె మొన విచ్చుకుంటే గీత సన్నగా రాదు. నీళ్ళలో ముంచితే వెంట్రుకలు ఇంకా విడిపోతాయి. అందుకని కుంచెను పెదాలమధ్య పెట్టుకుని ఒక్క తిప్పు తిప్పేవాడు. అప్పుడది సూదిమొనలా వచ్చేది. గీతకోసారి తిప్పుతాడు, రోజుకెన్ని గీతలో! బొమ్మలకు అంటినంత రంగు ఆయన కడుపులోకీ పోతోంది.

"అయ్యా, అది విషం. నోట్లో పెట్టకు," అన్నాడు ఎర్రోడు.

"రంగుల సంగతి నువ్వు నాకు చెప్తావుట్రా? పోయి ఎలకల్ని పట్టుకో," అన్నాడు ముత్యాలయ్య తల ఎత్తకుండానే.

వారం తిరిగేసరికి కడుపునొప్పి మొదలైంది. తిన్నది ఇమడలేదు. బుగ్గలు లోపలికి పోయాయి. భార్య అచ్చమ్మ గంజి కాచి తెచ్చింది.

"ఏమయ్యా, ఆ బొమ్మలెక్కడికీ పోవు గానీ నువ్వే పోయేట్టున్నావు. నాలుగు రోజులు మానరాదూ?"

"ఇంకో ఇరవై బొమ్మలేనే. అవయ్యాక పడుకుంటాలే," అన్నాడాయన. అంటూనే కుంచె పెదాలమీద తిప్పాడు.

అచ్చమ్మ కళ్ళొత్తుకుంటూ లోపలికి పోయింది. ఎర్రోడికి గుండె జారిపోయింది. ఆ వెనకే చెడ్డ కోపం వచ్చింది. "నేనుండగా నిన్ను పోనివ్వను," అనుకున్నాడు.

కుంచె ఎత్తుకుపోయి గడ్డివాములో దాచాడు. ముత్యాలయ్య ఉడుతనడిగి ఇంకో కుంచె కట్టుకున్నాడు. ఈసారి ఎర్రోడు రాయిని ఎత్తుకుపోయి గొయ్యి తీసి పాతేశాడు. ముత్యాలయ్య పడుతూ లేస్తూ కొండెక్కి ఇంకో రాయి తెచ్చుకున్నాడు. దాంతో ఉన్న ఓపిక కాస్తా హరించుకుపోయింది.

ఎర్రోడు కూర్చుని ఆలోచించాడు. "దాస్తే లాభం లేదు. కుంచె తిప్పుకోడానికి పెదవిలాంటిది ఇంకోటి ఉండాలి. మెత్తగా ఉండాలి, తడిగా ఉండాలి, చేతికి అందేట్టు ఉండాలి." కాలెత్తి తన ముక్కు తడిమి చూసుకున్నాడు. మెత్తగానే ఉంది. అయ్య చేతికి దగ్గరగానే ఉంటుంది. తడి ఒక్కటే లేదు.

వాగు దగ్గరికి పరిగెత్తాడు. "వాగమ్మా, నా ముక్కుకు తడి ఇవ్వవూ?"

"ఎంత కావాలంటే అంత ముంచుకో," అంది వాగు.

ముంచుకుని పరిగెత్తాడు. ఇల్లు చేరేసరికి ఎండకు ఆరిపోయింది. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ ఆరింది. ఏడుసార్లు తిరిగాడు. ఏడోసారి వాగుకే జాలేసింది. "నా నీళ్ళు నిలవవు నాయనా. మబ్బునడిగి చూడు."

"నేనిస్తే ఊరంతటికీ ఇవ్వాలి. ఒక్క ముక్కుకని ఎలా ఇచ్చేది?" అని మబ్బు మొహం తిప్పుకుంది.

ఎర్రోడు ఊరుకోలేదు. మర్నాడు తెల్లారీ తెల్లారకముందే గడ్డిలోకి వెళ్ళి మంచుబొట్టునడిగాడు.

"నేనే పొద్దెక్కితే ఉండేదాన్ని కాదు," అంది మంచుబొట్టు. "చల్లదనం ఇస్తాను. తడి మాత్రం నువ్వే నిలబెట్టుకోవాలి. నాలుకతో తడుపుకుంటూనే ఉండాలి. ఒక్క పూట మరిచావో, ఆరిపోతుంది. నీవల్లవుతుందా?"

"అయ్యకోసమైతే నిద్రలో కూడా తడుపుకుంటాను," అన్నాడు ఎర్రోడు.

మంచుబొట్టు గడ్డిపరకమీంచి జారి వాడి ముక్కుమీద పడింది.

ఇంటికొచ్చేసరికి ముత్యాలయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చేతిలో పెళ్ళికొడుకు బొమ్మ. కుంచె పసుపులో ముంచి పెదాలదాకా తెచ్చాడు. అడ్డంగా చల్లగా, మెత్తగా ఏదో తగిలింది. ధ్యాసంతా బొమ్మమీదే కాబట్టి అదేమిటో చూడకుండా కుంచెను దానిమీదే తిప్పాడు.

"అబ్బ! మొన ఇంత బాగా ఎప్పుడూ రాలేదే!"

ఇంకో గీత, ఇంకో తిప్పు. ఎర్రోడు కదల్లేదు. మెదల్లేదు. నాలుగైదు గీతలయ్యేసరికి ముక్కుమీద తడి ఆరడం మొదలైంది. ఆరిందంటే కుంచె మళ్ళీ అయ్య నోటికే పోతుంది. తడుపుకోవాలంటే ముక్కునిండా విషం. ఎర్రోడికి భయం వేసింది. అయినా కళ్ళు గట్టిగా మూసుకుని నాలుక చాపాడు.

అప్పుడు తల ఎత్తాడు ముత్యాలయ్య. పసుపు పూసిన ముక్కు చూశాడు. చాచిన నాలుక చూశాడు. కుంచె ఒకవైపు, బొమ్మ ఒకవైపు పారేసి రెండు చేతులతో వాడి మూతి పట్టుకున్నాడు.

"ఒరే, నాలిక పెట్టకురా! చస్తావురా! అది విషం!"

"మరి నువ్వు రోజూ పెడుతున్నావుగా అయ్యా," అన్నాడు ఎర్రోడు, మూతి ఆయన గుప్పిట్లో ఉండగానే.

ముత్యాలయ్యకు తెలియక కాదు. తెలుసని ఒప్పుకుంటే పని ఆపాల్సి వస్తుందని తెలియనట్టు ఉన్నాడు. ఎర్రోణ్ణి కావలించుకుని బావురుమన్నాడు. ఆ ఏడుపుకు అచ్చమ్మ పరిగెత్తుకొచ్చింది. ఇద్దరూ కలిసి మూడు కుండల నీళ్ళతో వాడి ముక్కు కడిగారు. పసుపురాయిని కొండవెనక లోతుగా పాతిపెట్టారు.

ముత్యాలయ్య మామూలు మనిషి కావడానికి రెండు నెలలు పట్టింది. అప్పుడు మిగిలిన బట్టలకు వంటింటి పసుపే వేశాడు. అంత మెరుపు లేదు, అయితే ఏం! చివరికి కాటుక నూరి కళ్ళు పెట్టాడు. అరవై బొమ్మలకు నూట ఇరవై కళ్ళు. ప్రతి కంటికీ ఎర్రోడి ముక్కుమీదే కుంచె తిప్పాడు. నలుపు వాడి ముక్కులో ఇంకిపోయింది. అచ్చమ్మ తోమబోతే, "ఉండనీ అమ్మా, పని చేసిన గుర్తు," అన్నాడు ఎర్రోడు.

ఆ తర్వాత ముత్యాలయ్య అరవై ఒకటో బొమ్మ చేసి ఊరేగింపుకు ముందు నిలబెట్టాడు. అది ఎర్ర కుక్క.

"తోక పొట్టిగా చేశావు," అన్నాడు ఎర్రోడు. అన్నాడే గానీ, ఆ పూటంతా దానిముందే కూర్చుని చూస్తూ ఉండిపోయాడు.

అప్పటినుంచే కుక్క ముక్కు నల్లగా, చల్లగా, తడిగా ఉంటోంది. మంచుబొట్టుకిచ్చిన మాట తప్పకుండా ఇప్పటికీ నాలుకతో తడుపుకుంటూనే ఉంటుంది. మీరు ఏదో పనిలో పడి తిండీ నీళ్ళూ మరిచిపోయినప్పుడు, వచ్చి ఆ ముక్కును మీ చేతికి ఆనిస్తుంది. విసుక్కోకండి. ఒక్కసారి తల ఎత్తి చూడమంటోంది.