వినికిడి వంతు

అనగా అనగా, రాజులు కళ్లకన్నా చెవులనే ఎక్కువగా నమ్మే కాలంలో, ఒక కొండ వాలున మెరకపూడి అనే ఊరుండేది. ఆ ఊళ్లో గొప్ప పంటలేమీ పండేవి కావు. మామిడి చెట్లున్నాయి గాని, వాటి కాయలు ఊరగాయకు తప్ప దేనికీ పనికిరావు. ఆ పులుపు సంగతి చెప్పుకుంటూ పోతే పొద్దుపోతుంది, అది అలా ఉంచుదాం. ఆ ఊరికి పేరు తెచ్చింది ఒక మేళం.

ఆ మేళం ఏ ఒక్కరిదీ కాదు, ఊరందరిదీ. పగలంతా ఎవరి పని వాళ్లు చేసుకొని, సాయంకాలం సత్రం అరుగు మీద కలిసేవారు. గానుగ నడిపే శెట్టి తాళాలు వేసేవాడు. లెక్కలు రాసే కరణంగారు కొమ్ము ఊదేవారు. కుండలు చేసే గవరయ్య ఒత్తు పట్టేవాడు.

ఒత్తు అంటే చూడటానికి సన్నాయిలాగే ఉంటుంది, కాని పలికేది ఒకటే స్వరం. మొదటినుంచి చివరిదాకా, ఊపిరి తెగకుండా, ఆ ఒక్క స్వరాన్నే నిలబెట్టాలి. తక్కినవాళ్లంతా దాన్ని పట్టుకొనే నడుస్తారు. ఒత్తు పట్టేవాణ్ణి మెచ్చుకొన్నవాళ్లు లోకంలో లేరు. అది ఆగిపోయినప్పుడే, అంతవరకూ అది ఉన్నదని జనానికి తెలుస్తుంది.

మేళానికి పెద్ద నాగన్న. ఆయన సన్నాయి ఎత్తుకుంటే దారిన పోయే బళ్లు నిలిచిపోయేవి. ఆయన పక్కన కూర్చొని డోలు వాయించేది వీరాస్వామి. ఇద్దరూ ఒకే ఏడు పుట్టారు, ఒకే గురువు దగ్గర దెబ్బలు తిన్నారు, ఒకే పళ్లెంలో చద్దన్నం తిన్నారు. నాగన్న వెనక, రెండో సన్నాయి పట్టుకొని ఆయన మేనల్లుడు సాంబడు కూర్చొనేవాడు. మంచి విద్వాంసుడే. మేనమామ ముందు గొంతు పెంచని మనిషి.

ఏటా చలి మొదలైతే మేళానికి కచేరీల కాలం వచ్చినట్టే. మొదటి కచేరీ సాలెవీధిలో. రెండోది సంతలో. మూడోది రాజుగారి కోటలో.

ప్రతి కచేరీకి ముందు వాళ్లకొక ఆచారం ఉండేది. దాన్ని వినికిడి వంతు అనేవారు. వంతు వచ్చినవాడు తన వాద్యం పక్కన పెట్టి, ఊరి చివర సుంకం రాయి దాకా నడిచిపోయి, అక్కడ నిలబడి మేళాన్ని వినాలి. తిరిగొచ్చి విన్నది విన్నట్టు చెప్పాలి. ఆ రోజు అతని మాటకు ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. వాయించేవాడికి తన వాద్యం తప్ప ఇంకొకటి సరిగా వినపడదు గనక, పెద్దలు ఈ కట్టుబాటు పెట్టారు.

మంచి కట్టుబాటే. అయితే మంచి కట్టుబాట్లకు కూడా ఒక్కోసారి చీడ పడుతుంది. వంతువాడు చెబుతాడులే అని, వంతు లేనివాళ్లంతా నోరు మూసుకోవడం నేర్చుకొన్నారు. ఏళ్లు గడిచేసరికి, వంతు కానివాడు తప్పు ఎత్తిచూపడమే పెద్ద తప్పయి కూర్చుంది.

ఆ ఏడు ఎండాకాలంలో, సాధన చేస్తుండగా, వీరాస్వామి చేతులు డోలు మీద ఒక్క క్షణం తడబడ్డాయి. నాగన్న సన్నాయి ఒత్తుకు రవ్వంత పైన నిలబడి ఉంది. ఆ సాయంత్రం అలసట అనుకొన్నాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పక్కకు తిరిగి చూస్తే నాగన్న కళ్లు మూసుకొని హాయిగా వాయిస్తున్నాడు.

ఏమని చెప్పడం? ‘నా వంతు వచ్చినప్పుడు చూద్దాం’ అనుకొని వీరాస్వామి తల వంచుకొన్నాడు.

చలికాలం వచ్చింది. మొదటి వంతు శెట్టిది. వచ్చే మాఘంలో శెట్టి కూతురి పెళ్లి. నాగన్న సన్నాయి లేనిదే పెళ్లి చేయనని వియ్యంకుడు పట్టుబట్టి ఉన్నాడు. శెట్టి సుంకం రాయి దాకా వెళ్లాడు, విన్నాడు, వచ్చాడు.

“అమృతం నాగన్నగారూ,” అన్నాడు. “అక్కడ నిలబడి కళ్లు తుడుచుకొన్నాను.”

సాలెవీధిలో కచేరీ మొదలైంది. మగ్గాలు ఆపి జనం బయటికి వచ్చారు. కాసేపటికి ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారు. ఒక ముసలామె కొంగు తల మీదికి లాక్కొని లోపలికి పోయింది. తరవాత ఒక్కొక్కటిగా మగ్గాలు మళ్లీ ఆడటం మొదలుపెట్టాయి.

సత్రానికి తిరిగొచ్చాక నాగన్న అన్నాడు: “ఏదో లోపం జరిగింది. గవరయ్యా, ఒత్తు వినపడటం లేదు. ఊపిరి తగ్గిందా ఏమిటి?”

“ఎప్పటిలాగే పట్టానన్నా.”

“ఎప్పటిలాగే పడితే నాకెందుకు వినపడదు? చేతకానప్పుడు చెప్పాలి. ఒత్తు పాడైతే మేళమంతా పాడు.”

గవరయ్య అందరి వంకా చూశాడు. శెట్టి తాళాలకు నూనె పట్టిస్తున్నాడు. కరణంగారికి దగ్గు వచ్చింది. గవరయ్య చివరికి వీరాస్వామి వంక చూశాడు. వీరాస్వామి డోలు పట్టీలు బిగిస్తూ తల ఎత్తలేదు.

గవరయ్య ఒత్తును అరుగు మీద పెట్టి దిగిపోయాడు. వారం తిరక్కుండా కుండలు చేసే సారెను బండికెక్కించుకొని, పెళ్లాంతో సహా అత్తవారి ఊరు వెళ్లిపోయాడు. ఒత్తు ఇంకొకడు పట్టాడు. అది కూడా నాగన్నకు వినపడలేదు.

రెండో వంతు కరణంగారిది. ఆయన ఎవరితోనూ చెడని మనిషి. సుంకం రాయి దాకా వెళ్లి వచ్చి, కండువా సర్దుకొని, అరుగు మీద నిదానంగా కూర్చున్నారు.

“బాగుంది,” అన్నారు. “ఇంకా బాగుండవచ్చు కూడా. బాగా లేదనడానికి మాత్రం నాకేమీ కనపడలేదు.”

“కనపడటం కాదండీ, వినపడాలి,” అన్నాడెవరో. అందరూ నవ్వారు. నవ్వులో అది అలా దాటిపోయింది.

సంతలో జనం సాలెవీధివాళ్లలా మర్యాదస్తులు కారు. నాగన్న ఎత్తుకొన్న కాసేపటికే గాజులు అమ్మే ఒకామె గట్టిగా అంది: “ఏమయ్యా, ఆ పెద్దాయన ఒక ఊళ్లో వాయిస్తున్నాడు, మీరంతా ఇంకో ఊళ్లో వాయిస్తున్నారు. నడుమ ఏరేమైనా అడ్డం పడిందా?”

సంత సంతంతా నవ్వింది. నాగన్న సన్నాయి దించి సాంబణ్ణి అడిగాడు. “ఎందుకురా నవ్వుతున్నారు?”

సాంబడు నేల చూపులు చూశాడు. “మేక ఒకటి ఎవరిదో పంచె లాగింది మావా.”

నాగన్న కూడా నవ్వాడు. అందరితోపాటు, పళ్లన్నీ కనపడేలా నవ్వి, మళ్లీ సన్నాయి ఎత్తుకొన్నాడు. ఆ నవ్వు చూసి వీరాస్వామికి డోలు మీద చేయి ఆడలేదు.

తిరిగి వచ్చే దారిలో నాగన్న, “తప్పు ఎక్కడుందో తెలిసిందిరా వీరా,” అన్నాడు. “నీ డోలు మోత ఎక్కువైంది. అదే ఒత్తును మింగేస్తోంది. కాస్త గుడ్డ కప్పు.”

వీరాస్వామి గుడ్డ కప్పాడు.

మూడో వంతు వీరాస్వామిది.

అతను సుంకం రాయి దాకా నడిచాడు. పశువులు ఇళ్లకు మళ్లుతున్నాయి, దారంతా దుమ్ము. రాయికి చేరబడి నిలబడ్డాడు. అరుగు మీద పక్కన కూర్చొని విన్నప్పుడు రవ్వంత అనిపించిన ఎడం, ఇక్కడ నిలబడితే రవ్వంతగా లేదు. మేళం ఒక దారిన పోతోంది. సన్నాయి తప్పిపోయిన మనిషిలా వేరొక దారిన పోతోంది. అయినా ఎంత ధీమాగా పోతోందో.

కోటలో ఇలా వాయిస్తే రాజుగారి కొలువంతా నవ్వుతుంది. అప్పుడు ఏ మేక పేరు చెప్పాలి?

తిరిగొచ్చేసరికి అందరూ అతని నోటి వంక చూస్తున్నారు. శెట్టి వద్దన్నట్టు తల ఊపాడు.

“నాగా, సన్నాయి శ్రుతిలో లేదు,” అన్నాడు వీరాస్వామి. “ఒత్తు బాగుంది. గవరయ్య పట్టినప్పుడు కూడా బాగుండేది. నీకు వినపడటం లేదు.”

నాగన్న చెవి దగ్గర చేయి పెట్టుకొన్నాడు. “ఏమంటున్నావు? దగ్గరికొచ్చి చెప్పు.”

వీరాస్వామి దగ్గరికి వెళ్లి, చెవిలో, గట్టిగా, ఆ మాటలన్నీ మళ్లీ చెప్పవలసి వచ్చింది. వీధిలో పోయేవాళ్లు ఆగి విన్నారు.

ఆ రోజు ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. నాగన్న తెచ్చుకోలేదు. కాసేపు తన సన్నాయిని ఒళ్లో పెట్టుకొని నిమిరాడు. “సాంబా, కోటలో నువ్వు వాయించు,” అన్నాడు. సన్నాయిని కండువాలో చుట్టుకొని, గోడ పట్టుకొని అరుగు దిగాడు.

కోటలో సాంబడు వాయించాడు. వీరాస్వామి డోలు మీద గుడ్డ తీసేశాడు. రాజుగారు కళ్లు మూసుకొని చివరిదాకా విన్నారు. పూర్తయ్యాక అడిగారు:

“మీ పెద్దాయన ఏడీ?”

“చెవి మందగించింది ప్రభూ,” అన్నాడు వీరాస్వామి. “సన్నాయి శ్రుతి తప్పిందని చెప్పాం. తప్పుకొన్నాడు.”

“చెప్పిందెవరు?”

“నేనే ప్రభూ.”

రాజుగారు కొలువులో కూర్చున్నవాళ్లందరినీ ఒకసారి కలయజూశారు. “నా దగ్గర ఇంతమంది ఉన్నారు,” అన్నారు. “అలాంటి మాట చెప్పేవాడు ఒక్కడూ లేడు.” తన భుజం మీది పట్టు శాలువా తీసి వీరాస్వామికి కప్పారు. మెరకపూడి మేళం పేరు మళ్లీ నిలబడింది. దారి పొడుగునా శెట్టి ఆ శాలువా అంచును తడిమి తడిమి చూశాడు.

వీరాస్వామి ఇంటికి పోలేదు, నేరుగా నాగన్న ఇంటికి వెళ్లాడు. నాగన్న గుమ్మం ముందు మంచం మీద కూర్చొని ఉన్నాడు. వీరాస్వామి శాలువా తీసి ఆయన ఒళ్లో పెట్టాడు.

“రాజుగారు ఇచ్చారు. ఇది నీది నాగా.”

“దేనికిచ్చారు?”

“నిజం చెప్పినందుకు.”

“అయితే నాదెలా అవుతుంది?” నాగన్న శాలువాను మడత పెట్టి తిరిగి ఇచ్చేశాడు. “ఒకటి అడుగుతాను, చెవి దగ్గరికొచ్చి చెప్పు. నీకు ఎప్పటినుంచి తెలుసు?”

మొన్ననే తెలిసిందని చెప్పవచ్చు. వీరాస్వామి ఆ మాట అనడానికి నోరు తెరిచాడు, కాని అనలేకపోయాడు.

“ఎండాకాలంలోనే తెలుసు.”

“మరి?”

“నా వంతు రాలేదు.”

నాగన్న అతని వంక తిరిగాడు.

“ఒరే వీరా, ఒకే పళ్లెంలో తిన్నాం కదరా. ముద్ద ముద్దకీ వంతులు వేసుకొన్నామా? అప్పుడే చెప్పి ఉంటే, ఊరంతా పిలిచి, నా చేతులతో నేనే సాంబడికి పెద్దరికం ఇచ్చేవాణ్ణి. గవరయ్య తన ఇంట్లో ఉండేవాడు. సంతలో వాళ్లు నన్ను చూసి నవ్వుతుంటే, మేక అనుకొని నేనూ నవ్వాను. పక్కనే కూర్చొని చూశావు. నువ్వు చెప్పింది నిజమే. కాదనను. కాని నాకు ఏమీ మిగలకుండా పోయాక చెప్పావు.”

వీరాస్వామి శాలువా చేత్తో పట్టుకొని చీకటి పడేదాకా అక్కడే నిలబడ్డాడు. నాగన్న కూర్చోమనలేదు. పొమ్మనీ అనలేదు.

తెల్లవారాక నాగన్న గవరయ్యను వెతుక్కుంటూ వెళ్లాడు. గవరయ్య కాళ్లకు నీళ్లిచ్చాడు, అన్నం పెట్టాడు, ఆయన చెప్పిందంతా విన్నాడు. “నాకు కోపం లేదన్నా,” అన్నాడు. “ఇక్కడ మట్టి బాగుంది. ఇక్కడే ఉంటాను.” నాగన్న ఒంటరిగా తిరిగొచ్చాడు. మళ్లీ సత్రం అరుగు ఎక్కలేదు.

మెరకపూడి మేళం ఆ తరవాత కూడా చాలా ఏళ్లు కోటలో వాయించింది, బాగానే వాయించింది. వీరాస్వామి మాత్రం ఆ శాలువాను ఒక్కనాడూ కప్పుకోలేదు. ఎవరి వాద్యంలో ఏ తేడా వినపడినా, వంతు ఉన్నా లేకపోయినా, ఆ పూటే పక్కకు పిలిచి మెల్లగా చెప్పేవాడు. కొందరు విసుక్కొన్నారు. సాయంత్రాలు నాగన్న ఇంటి ముందునుంచి వెళ్లేటప్పుడు వీరాస్వామి ఆగి పలకరించేవాడు. నాగన్నకు వినపడేదో, వినపడేది కాదో, బదులు వచ్చేది కాదు.

కాబట్టి పిల్లలూ, నిజం చెప్పడానికి తన వంతు వచ్చేదాకా కాచుకొని కూర్చున్నవాడు చివరికి నిజమే చెప్పినా, అది చేయవలసిన మేలు అప్పటికే చేయి దాటిపోయి ఉంటుంది.