కిరీటానికి కట్టిన గంట

ఒకానొక రాజ్యంలో, దాని పేరు చెబితే అక్కడివాళ్ళు నొచ్చుకుంటారు గనక చెప్పనుగానీ, గజసింహుడనే రాజు ఉండేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. కాకపోతే తనకు రాని విద్య ఈ భూమ్మీద లేదని ఆయనకు గట్టి నమ్మకం. అందులోనూ సంగీతమంటే మరీను! సాలలో గుర్రం సకిలించినా అది ఫలానా రాగమని చెప్పేవాడు. పక్కనున్నవాళ్ళు "ఆహా, చెవంటే ఏలినవారిదే చెవి!" అనేవాళ్ళు. అనక ఏం చేస్తారు పాపం.

ఆ రాజ్యంలో ఏటా వసంతోత్సవానికి పాటల పోటీ జరిగేది. ఒకే కథ మీద ఎనిమిది పాటలు కట్టి, వాటిని వరసగా కొలువులో పాడాలి. గెలిచినవారికి బంగారు వీణ. ఆ రాజ్యంలో సంగీతం నేర్చినవారికి అంతకు మించిన గౌరవం లేదు.

తీర్పు చెప్పే పద్ధతి మాత్రం వింతగా ఉండేది. రాజు నోరు విప్పకూడదు. పాట నచ్చితే తల ఊపుతాడు. ఊపినప్పుడల్లా కొలువు పెద్ద ఒక సంపెంగపువ్వు తీసి పాడేవారి ముందున్న పళ్ళెంలో వేస్తాడు. ఎవరి పళ్ళెంలో పువ్వులు ఎక్కువ పడితే వీణ వాళ్ళది. ఎప్పటినుంచో వస్తున్న ఆచారం, ఎవరూ ఇదేమిటని అడగలేదు.

ఆ ఏడు పోటీలో చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరు ఆస్థాన విద్వాంసుడు అహోబలాచార్యులు. ఆయన రాజుగారి బిరుదులన్నీ గుదిగుచ్చి 'దిగ్విజయ పాటలు' కట్టారు. ఒక్కో బిరుదును సాగదీసి, వెనక్కి తిప్పి, మళ్ళీ మొదటికి తెచ్చి పాడతారు. రెండోది రేవుపేటలో ఉండే రంగసాని. ఆమె కట్టినవి 'వరదనాటి పాటలు'. ఏరు పొంగిన రోజున అవతలి ఒడ్డుకు పడవ వేసుకుపోయిన మొగుడి కోసం, తెల్లవారినప్పటినుంచీ పొద్దుగూకేదాకా రేవులో నిలబడిన ఆడమనిషి కథ అది.

పోటీ అయ్యేసరికి ఆచార్యులవారి పళ్ళెం పువ్వులతో పొర్లిపోయింది. రంగసాని పళ్ళెంలో ఒక్క పువ్వూ లేదు.

ఎలా జరిగిందో ముద్దన కళ్ళారా చూశాడు. ముద్దనంటే రాజుగారిని నవ్వించడమే ఉద్యోగంగా గలవాడు. సింహాసనం కింది మెట్టు మీద, రాజు పాదాల దగ్గర కూర్చుంటాడు. అక్కణ్ణుంచి రాజు మొహం బాగా కనపడుతుంది. ఆచార్యులవారు రెండో పాట ఎత్తుకోగానే రాజుగారి కళ్ళు మూతలు పడ్డాయి. తల ముందుకు వాలింది, ఉలిక్కిపడి లేచింది, మళ్ళీ వాలింది. కొలువు పెద్ద ఒక్కో వాలుకీ ఒక్కో పువ్వు వేస్తూ పోయాడు. రంగసాని పాడుతున్నప్పుడో, రాజుగారు మెడ ముందుకు చాచి, తల ఊపాలన్న సంగతే మరిచిపోయి, బొమ్మలా కూర్చుండిపోయారు.

చూసినవాళ్ళు ఇంకా చాలామందే ఉన్నారు. కానీ ఏలినవారు నిండుకొలువులో కునుకు తీశారని ఎవడంటాడు? ముద్దనా అనలేదు. అతనికీ పెళ్ళాం బిడ్డలున్నారు.

పాటలు మాత్రం బయట ప్రాంగణంలో నిలబడ్డ ఊరంతా వింది. ఇంక చూడండి గొడవ! సంతలో, నేతపాకల్లో, కుస్తీ గోదాల్లో ఎక్కడ విన్నా ఇదే వాదన. "వీణ దక్కాల్సింది రంగసానికి" అని ఒకడంటే, "బిరుదులు పాడ్డం ఎంత కష్టమో నీకేం తెలుసురా" అని ఇంకొకడు. ఒక మంగలి సగం గడ్డం గీసి, ఆచార్యులవారి పక్షం మాట్లాడినవాణ్ణి అలాగే లేపి పంపించేశాడు. వియ్యమందుకోబోయిన ఇద్దరు పెద్దమనుషులు తాంబూలాలు విసిరికొట్టుకున్నారు.

మాట రాజుగారి చెవిన పడింది. ఆయన అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"నా తల తప్పు ఊగుతుందా? అంటే నాకు సంగీతం తెలియదనేగా!"

"ప్రభూ, జనం అమాయకులు" అన్నారు అహోబలాచార్యులు మెత్తగా. "వెనకనుంచి ఎవరో ఎగదోస్తున్నారు. ఎవరో నేను చెప్పను. రేవుపేట వైపు ఒకసారి దృష్టి సారిస్తే మంచిది."

ఇంకేముంది, ఆజ్ఞ బయలుదేరింది. రంగసాని తన తంబురను రాజుగారి ఖజానాకు ఒప్పగించి, మర్నాడు పొద్దుగూకేలోపు రాజ్యం పొలిమేర దాటిపోవాలి.

ఆ మధ్యాహ్నం రంగసాని ముద్దన ఇంటికి వచ్చింది. తంబుర గుండెకు హత్తుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అయ్యా, నేను ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. ఓడిపోయినందుకు ఏడ్చాను, నిజమే. అది నా ఇంట్లో ఏడ్చాను. ఇది మా అమ్మ వాయించిన తంబుర. దీన్ని ఇచ్చేసి నేను ఎక్కడికి పోయి ఏం పాడను?"

"లోపలికి రా అమ్మా, కూర్చో."

"కూర్చోను. ఒక్క మాట చెప్పండి చాలు. మీరు దగ్గరే ఉన్నారుగా. నా పాటలు ప్రభువుకు అంత రోతగా ఉన్నాయా? ఒక్కసారంటే ఒక్కసారైనా తల ఊపలేదే!"

ముద్దనకు నిజం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి. ఆ రోజు తను నోరు మూసుకు కూర్చోబట్టేగా ఈ పిల్లకు ఈ గతి పట్టింది!

"రేపు పొద్దున కొలువుకు తంబురతో రా" అన్నాడు. "ఎందుకని అడక్కు. నాకే ఇంకా సరిగ్గా తెలియదు."

అతను తిన్నగా రాజు దగ్గరకు వెళ్ళాడు. ఆచార్యులవారూ అక్కడే ఉన్నారు.

"ప్రభూ, ఏలినవారి తీర్పు బంగారం" అన్నాడు ముద్దన చేతులు కట్టుకుని. "తప్పంతా దూరానిది. ప్రాంగణంలో ఉన్నవాళ్ళకు పాట వినపడింది గానీ ప్రభువు తల కనపడలేదు. కనపడకే కదా ఈ వాగుడు? ఆ ఇద్దరినీ రేపు మళ్ళీ పాడించండి. ప్రభువు కిరీటానికి ఒక గంట కడదాం. తల ఊగితే ఊరంతా వింటుంది. మోగినప్పుడల్లా జనం శభాష్ అనాలని దండోరా వేయిద్దాం. ఇక నోరెత్తేవాడు ఉండడు."

తన మెప్పు ఊరంతా మోగుతుందనేసరికి రాజుగారి మీసం కదిలింది. ఆచార్యులవారైతే "దివ్యమైన ఆలోచన!" అన్నారు. రాజు ముద్దన వంక తేరిపార చూశాడు.

"నీ మొహంలో నాకేదో తేడాగా ఉంది ముద్దనా. గంట ఆచార్యులవారికే మోగిందనుకో, రంగసానితోపాటు నువ్వూ పొలిమేర దాటుతావు. సరేనా?"

"సరే ప్రభూ" అన్నాడు ముద్దన.

మర్నాడు పొద్దున ప్రాంగణం క్రిక్కిరిసిపోయింది. రాజుగారు గంట కట్టిన కిరీటంతో వచ్చి కూర్చున్నారు. ఆచార్యులవారు శ్రుతి చూసుకుని మొదటి పాట అందుకున్నారు.

రాజుగారు మంచి హుషారుగా ఉన్నారు. కావాలనే తల ఊపారు. గంట ఖణ్మంది. బయట జనం "శభాష్!" అన్నారు. పళ్ళెంలో పువ్వు పడింది. మళ్ళీ ఊపారు, మళ్ళీ శభాష్, మళ్ళీ పువ్వు. రాజు ఇలాగే మేలుకుని ఊపుతూ పోతే ముద్దన పని అయిపోయినట్టే. ఇల్లు సర్దుకోమని పెళ్ళానికి చెప్పనైనా లేదు.

రెండో పాట మొదలైంది. ఆచార్యులవారు ఒక బిరుదు పట్టుకుని సాగదీస్తున్నారు. రాజుగారి రెప్పలు బరువెక్కాయి. తల మెల్లగా వాలింది.

ఖణ్!

"శభాష్!" అని ఊరంతా ఒక్కసారి అరిచింది.

రాజు అదిరిపడి "ఎవరది? ఏమైంది?" అన్నాడు.

"ఏమీ లేదు ప్రభూ" అన్నాడు ముద్దన నెమ్మదిగా. "తమరు మెచ్చుకున్నారు. జనం ఆనందిస్తున్నారు."

"నేనా? ఇప్పుడా?"

"పువ్వు కూడా పడింది ప్రభూ."

రాజు నిటారుగా కూర్చున్నాడు. తొడ గిల్లుకున్నాడు. ఆచార్యులవారు ఆ బిరుదును వెనక్కి తిప్పుతున్నారు. తల మళ్ళీ వాలింది. ఖణ్! శభాష్! పువ్వు. ఈసారి రాజు పళ్ళెం వంక చూశాడు. మంత్రుల వంక చూశాడు. మంత్రులంతా నేలమీది ముగ్గులు చూస్తున్నారు. మూడోసారి గంట మోగి మెలకువ వచ్చాక ఆయన మొహం కందగడ్డలా ఎర్రబడింది. పోటీ నాటి పువ్వులు దేనికి పడ్డాయో అర్థమైంది. చెయ్యి కత్తి పిడి మీదకు వెళ్ళింది. ముద్దన తలెత్తలేదు. ఎత్తితే ఆ తల ఉంటుందన్న నమ్మకం అతనికి లేదు.

ఎనిమిది పాటలూ పూర్తిచేసి, పొర్లిపోతున్న పళ్ళాన్ని మురిపెంగా చూసుకుని, ఆచార్యులవారు పక్కకు జరిగారు.

రంగసాని వచ్చి కూర్చుంది. మొదటి పాటలో ఆమె గొంతు కాస్త బొంగురుపోయింది. రెండో పాటలో ఏరు పొంగింది. మూడో పాటలో అవతలి ఒడ్డు కనపడకుండా పోయింది. గంట మోగలేదు. బయట అంత జనం ఉండి కూడా పిల్లాడి ఏడుపు వినపడలేదు. ఆమె ఖాళీ పళ్ళెం వంక చూడకుండా, కళ్ళు మూసుకుని పాడుతూ పోయింది. ఎనిమిదో పాటలో చీకటి పడింది. దూరాన నీళ్ళమీద ఏదో కదిలింది. పడవో, కొట్టుకొస్తున్న మానో తెలియదు. అక్కడ పాట ఆగిపోయింది.

గంట ఒక్కసారీ మోగలేదు.

"ఇంతకీ వాడు ఇల్లు చేరాడా లేదా?" అన్నాడు రాజు. నోరు విప్పకూడదన్న ఆచారం ఆయనకు గుర్తులేదు.

"ఆ పాట ఇంకా కట్టలేదు ప్రభూ" అంది రంగసాని కళ్ళు తుడుచుకుంటూ. "ఇక కట్టే వీలూ లేదు. పొద్దుగూకేలోపు నేను పొలిమేర దాటాలి."

కొలువు పెద్ద లేచి, గొంతు సవరించుకుని, "పువ్వులు ఎక్కువ పడింది ఆచార్యులవారి పళ్ళెంలోనే" అని ప్రకటించాడు. ఆచార్యులవారు వంగి దండం పెట్టారు. రంగసాని తంబురను చివరిసారిగా తడిమి, రాజుగారి ముందు పెట్టడానికి లేచింది.

"ఆగు" అన్నాడు రాజు. "ముద్దనా, లే. ఇటు చూడు. ఆచార్యులవారి పళ్ళెంలో పువ్వులు దేనికి పడ్డాయో నీకు తెలుసా?"

తెలుసంటే, రాజు నిద్రపోయాడని ఊరందరి ముందూ చెప్పినట్టు. తల పోతుంది. తెలియదంటే, ఆ పువ్వులు మెప్పుకే పడ్డట్టు. రంగసాని పోతుంది, వెనకే తనూ పోతాడు.

ముద్దన చేతులు జోడించాడు.

"తప్పు క్షమించాలి ప్రభూ. ఆచార్యులవారు పాడుతుంటే నేనూ నిద్రపోయాను."

"నువ్వూనా?" అన్నాడు రాజు.

"నేనొక్కణ్ణే కాదు ప్రభూ. మంత్రులు నేలచూపులు చూస్తున్నారంటే ఏమనుకున్నారు? తమరికి గంట ఉంది గనక తమరొక్కరే దొరికారు. మా ఎవరికీ కట్టలేదు, అందుకని మేం బతికిపోయాం. కొలువు పెద్దగారు మాత్రం ఉద్యోగం గనక మేలుకున్నారు."

కొలువు పెద్ద ముందుకొచ్చాడు. "ప్రభూ, అబద్ధం ఆడలేను. గంట మోగినప్పుడల్లా నేనూ దానికే లేచి పువ్వు వేశాను."

రాజు ముక్కుపుటాలు అదిరాయి. పెదవులు బిగించాడు. ఆపుకోవాలని చాలా చూశాడు గానీ ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి కిరీటం తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. రాజు నవ్వాక మంత్రులకు ధైర్యం వచ్చింది. వాళ్ళను చూసి బయట జనమూ నవ్వారు.

"రంగసానీ, ఆ తంబుర కింద పెట్టకు" అన్నాడు రాజు, కళ్ళలో నీళ్ళు తుడుచుకుని. "బంగారు వీణ నీది. వచ్చే వసంతానికి తర్వాతి పాట పాడాలి. వాడు ఇల్లు చేరకపోతే మాత్రం నేను ఊరుకోను, ఇప్పుడే చెబుతున్నా."

రంగసాని తంబురను ఒళ్ళోకి తీసుకుని అక్కడే కూలబడి ఏడ్చింది. ఈసారి ఊరందరి ముందూ ఏడ్చింది.

"మరి నా పాటలు ప్రభూ?" అన్నారు అహోబలాచార్యులు పాలిపోయిన మొహంతో.

"మీ పాటలకు ఇంకా పెద్ద పదవి ఆచార్యులవారూ. రాజ్యభారంతో మాకు రాత్రిళ్ళు కునుకు పట్టడం లేదు. ఇవాళ్టినుంచి మీరు మా పడకటింటి విద్వాంసులు. ఆ అర్హత మీకు తప్ప ఈ రాజ్యంలో ఎవరికీ లేదు."

ఆచార్యులవారి మొహం విప్పారింది. అంతఃపుర పదవి అంటే మాటలా!

"ముద్దనా, నీకేం కావాలో కోరుకో" అన్నాడు రాజు.

అప్పటికే ఆచార్యులవారు ఆనందం పట్టలేక, కృతజ్ఞతగా కొత్త పాట ఒకటి పాడతానని శ్రుతి సవరిస్తున్నారు. ముద్దన అది చూశాడు.

"ముందు ఇంటికి వెళ్ళడానికి సెలవిప్పించండి ప్రభూ. తక్కినవి రేపు కోరుకుంటాను."

రాజు కూడా అటు చూశాడు. గబగబా మెళ్ళో ముత్యాలహారం తీసి ముద్దన మెళ్ళో వేసి, చెవి దగ్గర గొంతు తగ్గించి, "ఉండరా, నేనూ వస్తున్నా" అన్నాడు.