గురవయ్య పాడె

కొండకింద ఊళ్లో, దొర కోసం దొంగసాక్ష్యం చెప్పనన్న మేదరి గురవయ్య జ్వరంతో చనిపోయాడు. "వాడి పాడె మోసినవాళ్లకీ, వాళ్లతో పొత్తున్న ప్రతివాడికీ వెలి!" అని దొర చాటింపు వేయించాడు. పొద్దు వాలినా ఎవరూ రాలేదు.

గురవయ్య పెళ్లాం సిద్ధమ్మ దొర దగ్గరికి వెళ్లింది. "నేనే మోసుకుంటాను దొరా. మరి నాతో పొత్తున్నవాళ్లందరికీ వెలేనా?"

"అందరికీ!"

"మీ వంటాయన మాతో భజనకొస్తాడు. మీ పల్లకీ బోయీలు మాతో వెదురుకొస్తారు. నెలలు నిండిన మీ కోడలికి పురుడు పోయాల్సిన మంత్రసాని నా నేస్తం. రేపటినుంచి వాళ్లెవరూ మీ గడప తొక్కకూడదు కదా?"

దొర లోపల కోడలి గదివైపు చూశాడు. "వెలి లేదు. వెళ్లి మోసుకోండి" అన్నాడు.

వంటాయన, ఇద్దరు బోయీలు, మంత్రసాని మొగుడు వచ్చి భుజం పట్టారు. దొర ముందు మాట తడబడని సిద్ధమ్మ, పాడె లేవగానే కూలబడి, గుండె పగిలేలా ఏడ్చింది.