కొమ్ములు లోపలికి తిప్పుకున్న మంద

నల్లవాగు అవతల, అడివి మొదలయ్యే కాడ ఒక గేదెల మంద ఉండేదిలే. దానికి యజమాని లేడు, కట్టుకొయ్య లేదు, పాలు పిండేవాళ్ళు లేరు. వాటి మేత అవే చూసుకునేయి, వాటి బిడ్డల్ని అవే కాచుకునేయి. ఎట్టా కాచుకునేయంటే, పొద్దు వాలేసరికి అన్నీ ఒకచోటికి చేరి గుండ్రంగా నిలబడేయి. దూడలు మధ్యలో, పెద్దయ్యి చుట్టూరా. తోకలు దూడల వైపు, కొమ్ములు అడివి వైపు. దాన్ని దడి కట్టటం అనేయి. ఎవరు నేర్పారో ఎవరికీ తెలవదు. తల్లి నిలబడింది, బిడ్డ చూసింది, అంతే. దానికి కాయితమూ లేదు, కమిటీ లేదు.

మందలో పెద్దది కాటమ్మ. పళ్ళరిగిన ముసలిగేదె. దున్నపోతుల్లో పెద్దోడు జంగడు. ఎప్పుడో చిరుతని కుమ్మినప్పుడు వాడి కొమ్మొకటి సగానికి విరిగింది. ఆ కొమ్ము సంగతి రోజూ చెబుతాడు, అడిగినోళ్ళకీ అడగనోళ్ళకీ. ఇంకోడు వీరడు. వయసులో ఉన్నోడు, నీళ్ళల్లో మొకం చూసుకుంటా ఉంటాడు. ఇక చుక్కమ్మ. నుదుట తెల్లమచ్చ. రెండు ఈతలు బిడ్డ నిలవలేదు దానికి. ఈసారి నిలిచింది. ఆ చిట్టి దూడని నాకి నాకి, దాని బొచ్చంతా ఒకే వైపుకి పడుకోబెట్టేసింది.

అడివిలో చిరుతకి ఆకలి. దాని ఎంగిలి తిని బతికే నక్కకి ఇంకా ఆకలి.

"ఎన్నిసార్లు పోయినా కొమ్ములే కనపడేది," అంది చిరుత. "ఎటు తిరిగినా కొమ్ములే. డొక్క ఎండిపోతంది."

"ఒక్కసారి ఎన్నికలు జరగనీయన్నా," అంది నక్క. "నీ డొక్క సంగతి నేను చూసుకుంటా."

చిరుత నవ్వింది. "నువ్వు నిలబడతావా ఏంది?"

"నేనెందుకు నిలబడతా? వాళ్ళని నిలబెడతా."

ఇక గోరింకల సంగతి చెప్పాలి. ఆ గేదెల వీపుల మీద గోరింకలు కాపరం చేసేయి. తోలుకి పట్టి రక్తం తాగే గోమార్లు ఏరుకు తినేయి, గిట్టల కింద లేచిన పురుగులు తినేయి. అందుకు బదులుగా పైనుంచి ఏదన్నా కదిలితే చెర్రుమని అరిచేయి. ఆ ఒక్క అరుపుకే మంద లేచి కూచునేది. అదీ ఇదివరకటి గోరింకల పని.

నక్క ఏం చేసిందంటే, గడ్డిలో ఉన్న చెదపుట్టలన్నీ తవ్వి పెట్టింది. "ఇంక గోమార్లెందుకమ్మా, కష్టం! ఇదిగో, తెల్లగా నూనె కారే చెదలు. తినండి, మాట్టాడండి. ఊరికే మాట్టాడండి చాలు." గోరింకలు తిన్నాయి. పొట్ట నిండినాక గొంతు ఊరుకుంటదా? తెల్లారకముందే మొదలెట్టేయి.

"బ్రేకింగు! బ్రేకింగు! దడి ఎవరి కోసం?"

"దడి ఎనక దాగిన నిజం ఏంది?"

అన్నిటికన్నా లావుది, పెద్ద గోరింక, ఎగిరొచ్చి చుక్కమ్మ దూడ ముందు వాలింది. "చిట్టీ, మధ్యలో నిలబెడతారంటగా నిన్ను. ఊపిరాడుతుందా?"

పసిది, దానికేం తెలుసు? "మా అమ్మ తోక మొకానికి తగులుద్ది," అంది.

"విన్నారుగా! దడిలో దూడల మొకాల మీద దెబ్బలు!"

కాటమ్మకి ఒళ్ళు మండింది. "ఒసే, అది తోకే. ఈగల్ని తోలే తోక."

"మీరు పెద్దోళ్ళు, మీకు అలవాటైపోయింది," అంది గోరింక. "కాటమ్మ గారు తోకని సమర్థిస్తన్నారు. దీని మీద మీరేమంటారు?" అని పక్క గోరింకని అడిగింది. అది ఇంకోదాన్ని అడిగింది. నాలుగూ ఒక్కసారే అరిచేయి. ఒక్క ముక్క అర్థం కాలా. పొద్దుగూకులూ అదే చర్చ. తెలివిగల గేదెలు కూడా మేత మానేసి మెడలెత్తుకుని వినేయి. దీని దుంపతెగ, పక్కనున్న గడ్డి కనపడదు, పైనున్న గోరింక కనపడిద్ది!

వీరడికి ఊపొచ్చింది. మట్టిదిబ్బెక్కాడు. "నన్ను పెద్దని చెయ్యండి. దడి తీసేస్తా. ఎవరూ నిలబడి కాళ్ళు నొప్పి పెట్టుకోనక్కర్లా. పొద్దు వాలాక హాయిగా పడుకుని నెమరేసుకోండి. మూతి మూతికీ పచ్చగడ్డి నేనిస్తా."

"గడ్డి యాడనుంచి తెస్తావురా అల్లుడూ?" అంది కాటమ్మ.

"అది గెలిచినాక చెబుతానత్తా."

"చిరుతొస్తే?"

"ఆ చిరుత పేరు చెప్పి ఎన్నాళ్ళు భయపెడతారు? మీలో ఎవరన్నా ఈ మధ్య చిరుతని చూశారా?"

చూడలేదు. ఎందుకు చూడలేదు? దడి ఉంది కాబట్టి చూడలేదు! ఆ ముక్క చెప్పాల్సింది ఎవరు? జంగడు. దడి ఉండాలనే వైపు వాడే కదా పెద్ద. వాడు దిబ్బెక్కి ఏం మాట్టాడాడో తెలుసా? విరిగిన కొమ్ము చూపించాడు. ఇటు తిప్పి చూపించాడు, అటు తిప్పి చూపించాడు. ఆనక, "వాడు మోపు గడ్డిస్తే నేను రెండు మోపులిస్తా," అన్నాడు. నాకు వాడి మీదే ఎక్కువ కోపం. మంచి మాట చేతిలో పెట్టుకుని చెత్త మాటలకి పోటీ పడ్డాడు.

మంద రెండు ముక్కలయింది. ఒకే మడుగులో పొర్లే గేదెలు పొద్దున ఒక జట్టు, మజ్జాన్నం ఒక జట్టుగా పోవటం మొదలెట్టినాయి. అక్కాచెల్లెళ్ళు ఎడమొకం పెడమొకం. చెప్పుకోబోతే మన ఇళ్ళల్లో సంగతి గుర్తొస్తదిలే, వద్దు.

అప్పుడొచ్చింది నక్క, మెడ వంచుకుని, పెద్దమనిషి మాదిరి.

"జంగడు మామా, వీరడు అల్లుడూ, ఎందుకీ రభస? లెక్క పెట్టేస్తే పోలా? ఎవరి వైపు ఎక్కువుంటే ఆళ్ళ మాట."

"సరే, ఉన్నచోటే తలకాయలూపుతాం, చూసుకో," అంది కాటమ్మ.

"ఎట్టా కుదురుద్దక్కా? ఈగ వాలినా తలూపుతారు మీరు. దొంగ ఓట్లు పడతాయి. ఇడిగా నిలబడాలి. జంగడు మామ వాళ్ళు వాగు గట్టున, వీరడు వాళ్ళు తుమ్మచెట్ల కాడ. మొకాలు ఎదురెదురుగా. అప్పుడు ఒకళ్ళనొకళ్ళు చూసుకోవచ్చు, మోసం ఉండదు."

"మరి దూడలో?"

"దూడలకి ఓటు లేదుగా! మధ్యలో ఆడుకోనీండి." నక్క గుండె మీద కాలేసుకుంది. "పసిపిల్లల్ని మాత్రం రాజకీయాల్లోకి లాగమాకండి. దణ్ణం పెడతా."

"ఎంత చక్కటి మాట!" అన్నాయి గోరింకలు.

"ఎప్పుడంట ఈ లెక్క?" అంది కాటమ్మ.

"పొద్దు వాలే ఏళకి. ఎండలో మీకు కష్టం గదా."

కాటమ్మ జంగడి పక్కకి పోయి మెల్లగా చెప్పింది. "ఒరే, అది దడి కట్టే ఏళ."

"ఒక్క పొద్దుకి ఏంగాదులే అక్కా. నా వైపే ఎక్కువ. గోరింకలు కూడా అదే చెబుతున్నాయి."

"వీరడికి కూడా అదే చెబుతున్నాయిరా."

"నీకు రాజకీయం తెలవదక్కా," అన్నాడు.

ఆ సాయంత్రం చుక్కమ్మ మాత్రం బిడ్డ కాడినుంచి కదల్లేదు. పెద్ద గోరింక దాని వీపు మీద వాలింది. "నువ్వింకా ఇక్కడే ఉన్నావా? ఒక్క ఓటుతో అటో ఇటో అయిపోయిద్దంట. నువ్వు పోకపోతే దడి పోయినట్టే. నీ బిడ్డ గతేంది?"

చుక్కమ్మ దూడ నుదురు ఒక్కసారి నాకి, "ఇక్కడే ఉండమ్మా, ఇప్పుడే వస్తా," అని ఉరికింది జంగడి వరసలోకి. చూశారా? దడి ఉండాలని ఓటెయ్యటానికి దడి ఒదిలేసి పోయింది. దాన్ని తిడదామంటే నోరు రాదు నాకు.

కాటమ్మ ఒక్కతే దూడల మధ్య నిలబడింది. గోరింకలు ఊరుకుంటాయా? "ఎటూ తేల్చుకోని కాటమ్మ! ఎవరికి అమ్ముడుపోయింది?" జంగడు గట్టు మీదినుంచి అరిచాడు, "అక్కా, పరువు తీయమాక, రా!" ముసలిది ఎంతసేపని నిలబడిద్ది? అదీ కదిలింది.

ఇక చూడండి. వాగు గట్టున ఒక వరస, తుమ్మల కాడ ఒక వరస. తలకాయలు వంచి, గిట్టలతో మన్ను ఎగజిమ్ముతా, అన్ని కొమ్ములూ ఒకదాని మీదికి ఒకటి. అడివికి కనపడేవి తోకలు. మధ్యలో దూడలు గంతులేస్తన్నాయి.

"జంగడికి ఒకటెక్కువ!" అంది ఒక గోరింక.

"కాదు, వీరడికే ఎక్కువ!" అంది ఇంకోటి.

"ఆ చూడి గేదెని రెండని లెక్కపెట్టారు!"

"మీరు పడుకున్న దాన్ని కూడా కలిపారు!"

"గొడవెందుకు, మళ్ళీ లెక్కపెట్టండి," అంది నక్క. మళ్ళీ పెట్టారు. "నాకు ఇంకా అనుమానంగానే ఉంది," అంది. మళ్ళీ పెట్టారు. వీరడు బూతు తిట్టాడు. జంగడు వాడి తల్లిని తిట్టాడు. వాడి తల్లి జంగడి వరసలోనే ఉంది, పాపం.

ఒక బక్క గోరింక, ఇంకా గోమార్లు తిని బతికేది, గడ్డిలో ఏదో కదలటం చూసింది. చెర్రుమని అరిచింది. నిజం అరుపు. కానీ తెల్లారినకాడినుంచీ అరుస్తానే ఉన్నాయిగా, తలెత్తేదెవరు?

చిరుత పరిగెత్తను కూడా పరిగెత్తలా. నడిచే వచ్చింది. చుక్కమ్మ దూడ మెడ పట్టుకుంది, గడ్డిలోకి ఈడ్చుకు పోయింది. అదొక్కసారి "అంబా" అంది, అంతే.

అప్పుడు తిరిగినాయి కొమ్ములన్నీ. ఎందుకు, ఏం చేసుకోను?

చుక్కమ్మ పొదల దాకా ఉరికింది. ముళ్ళల్లో దూరింది. మొకమంతా గీరుకుపోయి తిరిగొచ్చింది. పొదుగు నిండి పాలు వాటంతటవే కారిపోతన్నాయి. తాగే నోరు లేదని ఒంటికి తెలవదు గదా. మనిషి పోయినాక కూడా రెండు కంచాలు పెట్టే చెయ్యి ఉంటదే, అట్టాంటిదే అది. నాకు తెలుసు. సరే, వినండి.

పెద్ద గోరింక చుక్కమ్మ మొకం ముందుకొచ్చి వాలింది. "చుక్కమ్మ గారూ, ఇప్పుడు మీకెట్టా అనిపిస్తుంది?"

చుక్కమ్మ దాన్ని చూసింది. మళ్ళీ పొదల వైపు తిరిగింది.

"మాటలు రావటం లేదు," అంది గోరింక మిగతా వాటితో. "ఇప్పుడు చర్చలోకి పోదాం. పోయింది ఏ వరస దూడ?"

"జంగడి వరసదే! దడి పాతబడబట్టే పోయింది!" అని తుమ్మల కాడినుంచి వీరడు.

"దడి వద్దన్న నీవల్లే పోయిందిరా!" అని గట్టు మీదినుంచి జంగడు.

ఒక్కడన్నా చుక్కమ్మ పక్కకి వచ్చి నిలబడ్డాడా? రాలేదు. వస్తే వరసలో లెక్క తగ్గిద్దంట.

పొదల్లో చిరుత మూతి తుడుచుకుంది. "ఇంతకీ ఎవరు గెలిచారు?"

నక్క ఎముక చీకుతా అంది, "ఎవరో ఒకళ్ళు గెలుస్తార్లే అన్నా. రేపు మళ్ళీ లెక్కపెట్టిస్తా."

అన్నట్టే మర్నాడు పొద్దు వాలే ఏళకి మళ్ళీ రెండు వరసలు. అంత జరిగినాక కూడా! సిగ్గూ లేదు, బుద్ధీ లేదు. నక్క మెడ వంచుకుని వచ్చింది. గోరింకలు గొంతులు సవరించుకున్నాయి. "చుక్కమ్మా, రా, నీ ఓటొక్కటే తక్కువ," అని జంగడు పిలిచాడు. "ఇటు రా చుక్కమ్మా, నీకు న్యాయం చేస్తా," అని వీరడు పిలిచాడు.

చుక్కమ్మ నడిచి వచ్చింది. ఇటూ పోలా, అటూ పోలా. మధ్యలో మిగిలిన దూడల కాడికి పోయింది, వాటికి తోక పెట్టి, కొమ్ములు అడివి వైపు పెట్టి నిలబడింది.

"నన్ను లెక్కపెట్టమాకండి," అంది. "ఉన్న బిడ్డల్ని నా ఎనక్కి తోలండి."

ఆ బిడ్డల్లో ఒక్కటీ దానిది కాదు.

కాసేపటికి కాటమ్మ కుంటుకుంటా వచ్చి దాని పక్కన నిలబడింది. ఆనక ఒక చూడి గేదె వచ్చింది. తక్కినయ్యి ఇంకా లెక్క కాడే ఉన్నాయి. పైన గోరింకలు తిరుగుతా అరుస్తన్నాయి, "చుక్కమ్మ ఓటెందుకెయ్యలేదు? దీనెనక ఎవరున్నారు?"

దేవుడు కొమ్ములిచ్చింది బయటోడి కోసం, వాటిని మనలో మనమే ఒకరి మీదికొకరం తిప్పుకుంటే పోయేది ఓటు లేని పసిదాని ప్రాణం.