మోటారు ఆగిన తర్వాత

కాశింపీరా ఉస్తాద్‌ను ఏదైనా అడిగితే జవాబు ఆ రోజే రాదు. అడిగినవాడు తన ప్రశ్నను తానే మరిచిపోయాక, ఏదో ఒక ఆదివారం పొద్దున వస్తుంది. వచ్చినా మాటల్లో రాదు. ఒక పని అప్పజెప్పినట్టుగానో, చేతిలోది లాక్కున్నట్టుగానో వస్తుంది. అందుకే ఆయన దగ్గర నేర్చుకునేవాళ్లు నోరు తెరిచే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు.

బేతంచెర్లలో ఆయనది మోటారు వైండింగు దుకాణం. కాలిపోయిన బోరు మోటార్లకు కొత్తగా రాగితీగ చుట్టి మళ్లీ నీళ్లు తోడిస్తాడు. దుకాణం పెట్టక ముందు ఇరవై రెండేళ్లు వైమానిక దళంలో హెలికాప్టర్ల మెకానిక్‌గా పనిచేశాడు. ఆ పిచ్చి ఇంకా పోలేదు. ఆదివారాలు ఊరి బయట, మూతపడిన నాపరాళ్ల ఫ్యాక్టరీ ఆవరణలో, రిమోట్‌తో నడిచే చిన్న హెలికాప్టర్లు ఎగరేయడం నేర్పుతాడు. అక్కడ నేలంతా బండలు పరిచి ఉంటుంది. చుట్టుపక్కల చెట్టు లేదు, కరెంటు తీగ లేదు.

ఓబులేసు అక్కడికి చేరింది అనుకోకుండా. అతను ఒకప్పుడు కరెంటు లైన్‌మన్. ప్యాపిలి దగ్గర ఒక టవరు మీద పనిచేస్తుండగా పెద్దగాలి వచ్చి కిందపడ్డాడు. ప్రాణం మిగిలింది కానీ ఎడమ మోకాలు వంగడం మానేసింది. ఆరేళ్లుగా సబ్‌స్టేషన్‌లో కుర్చీలో కూర్చుని మీటర్ల ముళ్లు చూసి రాసుకుంటున్నాడు. ఒక ఆదివారం సాయంత్రం బస్సులో ఇంటికి పోతుంటే ఫ్యాక్టరీ గోడ మీదుగా ఒక చిన్న హెలికాప్టరు కనిపించింది. అది ఎగరడం లేదు. గాలిలో మేకు కొట్టి తగిలించినట్టు ఉన్నచోటే నిలబడి ఉంది. ఓబులేసు తన స్టాపు ఇంకా రెండు కిలోమీటర్లుండగానే కేక వేసి బస్సు ఆపించి దిగిపోయాడు. కుంటుకుంటూ గోడ చుట్టూ తిరిగి గేటు దగ్గరికి వచ్చేసరికి, తెల్లగడ్డం ముసలాయన ఒకడు రిమోట్ పట్టుకుని ఆకాశం వైపు చూస్తున్నాడు. ఓబులేసు రెప్ప వేస్తే అది పడిపోతుందేమో అన్నట్టు చూస్తూ నిలబడ్డాడు.

నెల తిరిగేసరికి అతనూ ఒకటి కొన్నాడు. పేరున్న కంపెనీ హెలికాప్టరును చూసి ఎవరో అచ్చు దించినట్టు తయారుచేసిన డూప్లికేట్ అది. తోక నుంచి ముక్కు దాకా రెండు మూరల పొడవుంటుంది. కంపెనీ సరుకు ఖరీదులో నాలుగో వంతు కూడా కాదు. దాంతో నాలుగు నెలలు నేర్చుకున్నాడు. నడుమెత్తులో నిలపడం వచ్చింది. ముందుకూ వెనక్కూ నడపడం వచ్చింది. తల దాటించడం మాత్రం రాలేదు. హెలికాప్టరు కళ్ల ఎత్తుకు రాగానే ఎడమ బొటనవేలు బిగుసుకుపోయేది. రిమోట్ మీది పుల్లను ఇంక పైకి తొయ్యనిచ్చేది కాదు.

ఇదంతా ఆ డూప్లికేట్ బండి తప్పేనని ఓబులేసు నమ్మాడు. డోన్ నుంచి కారులో వచ్చే పళ్ల డాక్టరు విఠల్‌రావు గారిది అసలు కంపెనీ హెలికాప్టరు. అది లేస్తే నూనె రాసినట్టు లేస్తుంది. తనది లేస్తే తోక వణుకుతుంది. ఒక ఆదివారం అందరూ సామాను సర్దుకుంటుంటే ఓబులేసు ఉండబట్టలేక అడిగేశాడు.

"ఉస్తాద్, కొత్తగా నేర్చుకునేవానికి ఈ డూప్లికేట్ పనికొస్తాదా? లేకుంటే ఎట్లన్నా తంటాలు పడి డాక్టరు గారి మాదిరి కంపెనీదే కొనుక్కోవాల్నా? దీన్ని నమ్మి పైకి పంపాలంటే నాకు ధైర్యం చాలడం లేదు."

ఉస్తాద్ హెలికాప్టరు వైపు చూడలేదు. ఓబులేసు చేతుల వైపు చూశాడు. "రేపు సాయంత్రం దుకాణానికి తీసుకురా," అని మాత్రం అన్నాడు.

మరునాడు బల్ల మీద పాత గుడ్డ పరిచి, "మొత్తం విప్పు" అన్నాడు. ఓబులేసు విప్పాడు. ఎక్కడి మరలు అక్కడ చిన్న చిన్న సీసా మూతల్లో పెట్టుకుంటూ, రెక్కలు, ఇరుసు, పళ్లచక్రాలు, తోకలోని సన్నటి బెల్టు, అన్నీ విడదీశాడు.  రెక్కల్ని పట్టి ఉంచే రెండు బోల్టుల్లో ఒకటి వేలితో తిప్పితేనే తిరుగుతోంది. మర వదులు కాకుండా వేసే బంక ఎక్కడా లేదు. రెండు రెక్కల్ని త్రాసులో వేస్తే ఒకటి బరువు, ఒకటి తేలిక. ఇరుసు కాస్త వంగి ఉంది. నాలుగు నెలలుగా తన మొహానికి మూరెడు దూరంలో, చూపుకు అందనంత వేగంతో తిరిగింది ఇదేనా అనిపించింది.

"ఇది మనిషిని చంపేది కదా ఉస్తాద్," అన్నాడు.

"చంపేదే," అన్నాడు ఉస్తాద్, కాలిన మోటారులోంచి తీగ లాగుతూ. "ఇన్ని దినాలూ విప్పి చూడలేదు నువ్వు."

బాగుచేయడానికి ఆరు వారాలు పట్టింది. డ్యూటీ దిగి రోజూ దుకాణానికి వచ్చేవాడు. తేలిక రెక్కకు సన్నటి టేపు చుట్టి త్రాసు ముల్లు నిలబడేదాకా సరిచూశాడు. వంగిన ఇరుసు మార్చి, ప్రతి మరకూ బంక చుక్క పెట్టి బిగించాడు. పళ్లచక్రాల మధ్య సందు కాగితం ముక్కతో కొలిచాడు. రెండు చోట్ల మాత్రం ఉస్తాద్ డూప్లికేట్ సామాను ఒప్పుకోలేదు. రెక్కల బోల్టులు కంపెనీవే తెప్పించమన్నాడు. రెండోది ఇరుసు కింద ఉండే చిన్న బేరింగు. అది ఒకవైపే పట్టుకుంటుంది. మోటారు తిరిగితే రెక్కల్ని తిప్పుతుంది, మోటారు ఆగితే రెక్కల్ని వాటి మానాన వదిలేస్తుంది. అది ఊళ్లో దొరకలేదు. సంగతి విని డాక్టరు గారు తన సంచీలో అదనంగా ఉన్నది తీసి ఇచ్చాడు. "ఇది దేనికి పనికొస్తుందో నాకు తెలీదు ఓబులేసూ, పెట్టెతో పాటు వచ్చింది," అన్నాడు నవ్వుతూ.

అన్నీ బిగించాక ఆదివారం పొద్దున ఆవరణలో దాన్ని ఎగరేస్తే తోక వణుకు పోయింది.  కానీ తల ఎత్తుకు రాగానే వేలు మళ్లీ బిగుసుకుంది. ఈసారి వంక పెట్టడానికి బండిలో ఏ లోపమూ లేదు. అది అతనికీ తెలుసు. పక్కన నిలబడ్డ ఉస్తాద్‌కూ తెలిసిపోయిందని అతనికి అర్థమైంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

ఉస్తాద్ అతని వెనక్కి వచ్చి, రెండు చేతులూ అతని భుజాల కింద నుంచి ముందుకు చాపి, రిమోట్‌ను అతని చేతులతో కలిపి పట్టుకున్నాడు. ఓబులేసు బొటనవేళ్ల మీద తన బొటనవేళ్లు ఆనించాడు. ఆ వేళ్లు గరుకుగా ఉన్నాయి. వార్నిషు వాసన వస్తోంది.

"వేళ్లు తియ్యొద్దు. తొయ్యొద్దు. ఊరికే ఉంచు," అన్నాడు.

హెలికాప్టరు పైకి లేచింది. తల దాటింది. ఫ్యాక్టరీ రేకుల కప్పు దాటింది. పాత పొగగొట్టం దాటింది. రెండు తాటిచెట్లంత ఎత్తుకు పోయి, పొద్దుటి ఎండలో కందిరీగంత అయి నిలబడింది. డాక్టరు గారు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తున్నాడు.  అంత ఎత్తు ఓబులేసు టవరు మీద నుంచి పడినప్పటి ఎత్తు.

అప్పుడు ఉస్తాద్ చూపుడువేలు రిమోట్ పైనున్న మీటను నొక్కింది. మోటారు ఆగిపోయింది.

రొద ఒక్కసారిగా పోయేసరికి ఆవరణలో అంత నిశ్శబ్దం ఉందని అప్పుడే తెలిసింది. పైన ఏదో సన్నగా ఈల వేస్తోంది. హెలికాప్టరు పడుతోంది. ఓబులేసు ఒళ్లంతా పైకి లాగింది. ఆనాడు టవరు మీద నుంచి పడుతూ చేతికి అందని ఇనుప బద్దల కోసం గాలిని గీరినట్టే, ఇప్పుడు వేలు పుల్లను పైకి తోయాలని తన్నుకుంది. కానీ పైనున్న వేలు దాన్ని కిందికి నొక్కింది. పడేదాన్ని ఇంకా కిందికి పంపుతోంది.

"ఉస్తాద్!" అని అరిచాడు.

"ఇప్పుడు అడగొద్దు," అన్నాడు ఉస్తాద్, చెవి పక్కనే, దారి చెప్పినంత నిదానంగా. "రెక్కల్లో ఉండే బలం ఒక్కసారికే చాలుతాది. పైన అడిగితే కింద ఉండదు. పోనీ."

ఓబులేసు పోనిచ్చాడు. అంతకంటే కష్టమైన పని అతను బతుకులో చేయలేదు. హెలికాప్టరు వాలుగా, వేగంగా దిగుతోంది. దిగేకొద్దీ ఈల తగ్గలేదు, పెరిగింది. కింది నుంచి ఎదురొస్తున్న గాలే రెక్కల్ని తిప్పుతోంది. మోటారు లేదు, రెక్కలు మాత్రం ముందుకంటే గట్టిగా తిరుగుతున్నాయి. పడటమే దానికి బలం ఇస్తోంది. ఇది అతనికి ఎవరూ చెప్పలేదు. వేలి కింద తెలుస్తోంది. ఎండలో రెక్కలు ఒక పలచటి వెండి పళ్లెంలా మెరుస్తూ వచ్చాయి. పొగగొట్టం దాటింది. రేకుల కప్పు దాటింది. బండలు దాన్ని మింగడానికి పైకి లేస్తున్నట్టున్నాయి. రెండు ఆళ్ల ఎత్తులో ముక్కు కొంచెం పైకెత్తింది. వేగం ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు తగ్గింది.

"ఇప్పుడు అడుగు," అన్నాడు ఉస్తాద్.

చెప్పి, తన బొటనవేళ్లు రెండూ పైకి తీసేశాడు.

పుల్లను పైకి తోసింది ఓబులేసే. రెక్కలు తమలో మిగిలిందంతా ఒక్కసారి ఇచ్చేశాయి. హెలికాప్టరు బండ మీద, ఆవలి అంచు దగ్గర, నిద్రపోతున్న పిల్లను పడుకోబెట్టినట్టు ఆనింది. కొంచెం పక్కకు జారి నిలిచింది. రెక్కలు తీరిగ్గా తిరిగి, తిరిగి, ఆగాయి.

 డాక్టరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీశాడు. ఓబులేసు కుంటుకుంటూ పోయి హెలికాప్టరు పక్కన బండ మీద చతికిలబడ్డాడు. వంగని కాలు చాపుకుని, ఇరుసును తాకాడు. వెచ్చగా ఉంది. ఒక్క మర వదులు కాలేదు. ఆరేళ్లుగా తాను పడ్డ ఎత్తును ఎప్పుడు తలచుకున్నా నేల మాత్రమే గుర్తొచ్చేది. పైనుంచి కింది దాకా మధ్యలో అంత గాలి ఉందని ఇవాళే చూశాడు. కళ్లల్లోంచి నీళ్లు వాటంతట అవే కారుతున్నాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

కాసేపటికి లేచి, తనే ఇంకో బ్యాటరీ తెచ్చి బిగించాడు. ప్రతి బోల్టునూ వేలితో మరోసారి తడిమి చూసుకున్నాడు. పదడుగులు వెనక్కి వచ్చి రిమోట్ అందుకున్నాడు. హెలికాప్టరు నడుమెత్తుకు వచ్చింది. కళ్ల ఎత్తుకు వచ్చింది. అక్కడ ఒక క్షణం ఆగింది. తర్వాత వేలు కదిలింది. అది రేకుల కప్పును దాటి, పొగగొట్టం అంచును దాటి, తెల్లటి ఎండలోకి పోయి నిలబడింది. ఓబులేసు మెడ వెనక్కి వాల్చి దాన్నే చూస్తున్నాడు. అన్నేళ్లలో అతను భయం లేకుండా అలా తలెత్తి చూడటం అదే మొదలు.

డాక్టరు గారు ఉస్తాద్ పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఆయన చూపు కూడా పైనే ఉంది.

"ఆ రోజు ఓబులేసు అడిగినదానికి ఇంతకీ మీరేమీ చెప్పలేదు ఉస్తాద్ గారూ," అన్నాడు నెమ్మదిగా. "డూప్లికేట్ కదా, ఇవాళ మీరు ఆపారు గానీ, రేపు అదే ఎక్కడో అక్కడ ఆగిపోదా?"

"ఆగుతాది," అన్నాడు ఉస్తాద్. "ఆగుతాదని వానికి తెలుసు."

"మరి నాది? కంపెనీది ఆగదా?"

ఉస్తాద్ గడ్డం నిమురుకున్నాడు.

"అదీ ఆగుతాది డాక్టరు గారూ. కాకుంటే కొంచెం ఆలస్యంగా, ఆగుతాదన్న సంగతి మీరు మరిచిపోయినాక."