మూలనున్న చిన్న పీపా

బ్రదర్ ఎవాసియోకి ఉన్నది ఒకటే పాపం. రోజూ దాన్నే చెప్పుకునేవాడు.

తండ్రి మంచాన పడ్డాడని ఊరినుంచి కబురొచ్చిన రోజున జోరున వాన. రేపు వెళ్దాంలే అనుకున్నాడు. మర్నాడు వెళ్ళేసరికి సమాధి మీద మట్టి ఇంకా తడిగానే ఉంది. ఇక అంతే. మూడేళ్ళుగా ప్రతి పొద్దునా మఠం పెద్ద ఫాదర్ గౌడెన్సియో ముందు మోకరిల్లడం, అదే పాపసంకీర్తనం. ఆయన మొదటి రోజే క్షమాపణ ఇచ్చి పంపాడు. ఇతగాడు పుచ్చుకుంటేనా! ఉపవాసాలు చేసిచేసి చీపురుపుల్ల అయిపోయాడు.

ఇటలీ కొండల్లోని ఆ మఠానికి మస్కట్ రకం ద్రాక్షతోటలున్నాయి. గుత్తి కోస్తే చాలు, చేతులకి సాయంత్రం దాకా వాసన వదలదు. ఆ రసం పీపాల్లో పులిసి పొంగుతుంది. పొంగేకొద్దీ తీపి తరిగిపోతుంది. అందుకని సగం తీపి మిగిలుండగానే గుడ్డసంచుల్లో మళ్ళీమళ్ళీ వడకట్టి, పొంగు ఆపి, సీసాలకెత్తాలి.

ఆ ఏడు మూలనున్న చిన్న పీపా ఎవాసియో వంతు. వడకట్టాల్సిన వారమంతా అతను ప్రార్థనాలయంలో మోకాళ్ళ మీదే ఉన్నాడు, తండ్రిని తలుచుకుని ఏడుస్తూ. పీపా సంగతే మర్చిపోయాడు.

చలికాలం పోయింది. ఒక ఉదయం మూట భుజాన వేసుకుని వచ్చాడు.

"వెళ్ళిపోతున్నా ఫాదర్. నాలాంటివాడికి ఇక్కడ చోటు లేదు. ఎన్నిసార్లు క్షమించినా నాకది అంటడం లేదు."

"సరే, పో," అన్నాడు ముసలాయన. "పోయేముందు కాస్త రుచి చూసిపో."

నేలమాళిగలోకి తీసుకెళ్ళి సీసా తీశాడు. టప్‌మని బిరడా ఎగిరింది. నురగ, పూలవాసన, నాలుక మీద చిటపటలాడే తీపి. ఎవాసియో మొహం వద్దన్నా విప్పారింది.

తర్వాత మూలనున్న పీపాలోంచి ఇంకో గ్లాసు పట్టిచ్చాడు.

"అబ్బా, చేదు!"

"ద్రాక్ష మంచిది కాదేమో?"

"అయ్యో, కాదు ఫాదర్. అదే తోట. ఒకే రోజు కోశాం."

"మరేమైంది?"

"ఆపాల్సినప్పుడు నేను ఆపలేదు. అలా పొంగిపొంగి, ఉన్న తీపంతా..."

చేతిలోని గ్లాసుకేసి చూసుకున్నాడు.

ఫాదర్ ఆ చేదుగ్లాసు నేలమీద పారబోసి, అందులోనే సీసాలోది నింపి చేతికిచ్చాడు. ఎవాసియో తాగుతూ ఏడ్చాడు. గుండె మీది బండ ఎవరో ఎత్తేసినట్టయింది. ఆ మధ్యాహ్నం మూట విప్పేసి, రెండు రొట్టెలు తిని, ఒళ్ళెరగకుండా నిద్రపోయాడు.

మర్నాడు పొద్దున యథాప్రకారం వచ్చి మోకరిల్లాడు. ఫాదర్ అలవాటుగా కళ్ళు మూసుకున్నాడు.

"నిన్న సాయంత్రం మీరు చూడకుండా ఇంకో మూడు గ్లాసులు లాగించాను ఫాదర్."

ముసలాయన కళ్ళు తెరిచాడు.

"దేవుడి దయ! మూడేళ్ళకి కొత్త పాపం విన్నాన్రా నాయనా."