సలోమి ఫోను

ఇల్యాస్ కాళ్లు నేలమీద ఆనడం లేదు. హెచ్ఐవీ వల్ల అమ్మానాన్నల్ని పోగొట్టుకుని, అదే జబ్బుతో చుట్టాల ఇళ్లలో పెరుగుతున్న పిల్లల కోసం యాప్ తయారుచేశాడు మరి! దర్గా తరఫున అందరికీ ఫోన్లు పంచాడు. పొద్దున ఎనిమిదయ్యేసరికి ఆ యాప్ పైకే పేరు పెట్టి పిలిచి, "హెచ్ఐవీ మాత్ర వేసుకున్నావా?" అని అడుగుతుంది.

వారం తిరక్కుండానే సలోమి అనే పిల్ల ఫోను ఆపేసింది. మాత్రలు కూడా మానేసిందని వాళ్ల పెద్దమ్మ కబురు పెట్టింది. మానితే పిల్ల ప్రాణానికే ముప్పు.

ఇల్యాస్ తన గురువు జలాల్ సాహెబ్ దగ్గరికి పరుగెత్తాడు. "ఇంకా గట్టిగా మోగేలా చేస్తాను హజ్రత్! అప్పుడెలా మానేస్తుందో చూస్తా!"

"భేష్. ముందు నీ ఫోన్లో పెట్టు. నువ్వూ ఏదో మందు వాడుతున్నావుగా? రేపు రెండింటికి మోగనీ."

ఇల్యాస్ కాస్త సిగ్గుపడ్డాడు గానీ, పనితనం చూపించే సరదాలో చకచకా పెట్టేశాడు.

మర్నాడు శుక్రవారం. నమాజు ముగిసి వందమంది భోజనాలకు కూర్చున్నారు. ఇల్యాస్ ఒక చేత్తో బకెట్, ఒక చేత్తో గరిటె పట్టుకుని హుషారుగా దాల్చా వడ్డిస్తున్నాడు. జేబులోంచి గొంతు ఖంగుమంది.

"ఇల్యాస్! మొలల మందు రాసుకున్నావా?"

పంక్తి పంక్తంతా ఘొల్లుమంది. అది ఆగదే! బొత్తాం నొక్కేదాకా అరవమని తనే నేర్పాడాయె.

సాహెబ్ ఒక్కరే నవ్వలేదు. వచ్చి గరిటె అందుకుని, "సలోమికి ఎక్కడ మోగి ఉంటుంది?" అని మెల్లగా అడిగారు.

"ఎనిమిదింటికంటే... బడి ఆటోలో..." ఇల్యాస్ బకెట్ కింద పెట్టేశాడు.

ఆ సాయంత్రమే సలోమి ఊరికి వెళ్లాడు. తప్పయిపోయిందమ్మా అన్నాడు. ఏం చెయ్యాలో నువ్వే చెప్పమన్నాడు.

"ఆటోలో నా పక్కన ఎవరూ కూర్చోవట్లేదన్నా," అంది సలోమి. "ఫోనుని ఇక ఏం మాట్లాడనియ్యొద్దు. ఇంట్లోనే ఏడింటికి మాత్ర మింగి మీకు మిస్డ్ కాల్ ఇస్తా," అంది.

ఇల్యాస్‌కి కన్నీళ్లాగలేదు. ఇంటికొచ్చి యాప్ మార్చి, పిల్లలందరి ఫోన్లలోంచీ ఆ గొంతు తీసేశాడు.

మర్నాడు పొద్దున్నే ఫోను పట్టుకుని దర్గా గుమ్మంలో కూర్చున్నాడు. ఏడైంది. ఏడూ రెండైంది.

మోగింది!

"హజ్రత్! వేసుకుంది! సలోమి వేసుకుంది!" ఎగిరి గంతేశాడు ఇల్యాస్. శభాష్ అందామని ఆత్రంగా బొత్తాం నొక్కబోయాడు.

సాహెబ్ అతని చెయ్యి పట్టుకున్నారు.

"ఎత్తకు బేటా. మోగనీ."